బాంబుల గదిలో ఒంటికాలి దెయ్యం

ఉత్తరాన ఒక మంచుదేశంలోని ఈసల్మి ఊళ్ళో, సరస్సు ఒడ్డు వీధిలో, నాలుగంతస్తుల పసుప్పచ్చ బిల్డింగు ఒకటుంది. దాని నేలమాళిగ మంచిది కాదంటారు.

నేలమాళిగ మొత్తం కాదులెండి. అందరూ వంతులవారీగా ఆవిరి స్నానం చేసే సౌనా మంచిదే. బట్టలుతికే గది మంచిదే. బంగాళాదుంపలు దాచుకునే చలిగదులు అంతకన్నా మంచివి. చెడ్డదల్లా నడవా చివరి బాంబుల గది. యుద్ధమొస్తే జనం తలదాచుకోడానికని కట్టారు. జానెడు మందం ఇనప తలుపు. యుద్ధం రాలేదు... విల్హో వచ్చాడు.

విల్హో ఆ బిల్డింగు బాగోగులు చూసే మనిషి. ముప్ఫయ్యేళ్ళ కిందట ఒక జనవరిలో మూడు రోజులు కనపడకపోతే వెతికారు. ఆ గదిలో కుర్చీలో కూచుని ఉన్నాడు. నిటారుగా, తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకుని... కర్రలా బిగుసుకుపోయి. కళ్ళు తెరిచే ఉన్నాయిట.

అప్పట్నుంచీ ఆ తలుపు దగ్గర ఎవరూ నిలబడరు. బంగాళాదుంపలు తీసుకుంటారు, మెట్లెక్కేస్తారు.

ఓస్మో ఒక్కడే ఇదంతా విని నవ్వేవాడు. ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపి రిటైరయిన మనిషి. ఓస్మో నోట్లోంచి ఒక మంచిమాట రావాలంటే ముందు టికెట్టు కొనాలి, అని ఊళ్ళో అనుకునేవారు.

ఆ ఏడు నవంబరు చివర్లో, మూడో అంతస్తు ఆయ్లి అతన్ని మెట్ల మీద ఆపింది. గొంతు బాగా తగ్గించి —

"మళ్ళీ మొదలైంది, ఓస్మో... బాంబుల గదిలో. చీకటి పడ్డాక. దభ్... దభ్... అని అడుగులు."

ఆ నెలల్లో అక్కడ మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుంది. దెయ్యాలకు అర్ధరాత్రి దాకా మేలుకుని ఉండే అవస్థ లేదు.

"అంటే విల్హో ఆఫీసు వేళల్లోనే తిరుగుతున్నాడన్నమాట," అన్నాడు ఓస్మో. "బతికుండగా ఈ క్రమశిక్షణ ఏమైపోయిందో!"

"నవ్వకు. ఆడగొంతు కూడా వినిపిస్తోంది. 'ఊపిరి వదలండి' అంటోంది... నా చెవులతో విన్నాను."

"పాపం, ఎవరికి చెబుతోంది? వాడు ముప్ఫయ్యేళ్ళ కిందటే వదిలేశాడుగా."

ఆయ్లి మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. ఓస్మో తన జోక్‌కి తనే నవ్వుకుంటూ ఇంట్లోకి వచ్చి, దాన్ని భార్యకు చెప్పాడు. హెల్కా నవ్వలేదు. కిటికీ అవతల మంచు కేసి చూస్తూ కూచుంది.

హెల్కా నవ్వడం మానేసి చాలా నెలలయింది. మొన్న మార్చిలో కొట్టు ముందు గడ్డకట్టిన నేల మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. లోపల ఉక్కు కడ్డీ వేశారు. "ఇంకొక్కసారి పడ్డారంటే ఇక చక్రాల కుర్చీయే," అన్నాడు డాక్టరు, ఇద్దరి మొహాలూ చూస్తూ.

డాక్టరు ఆ మాటన్న రాత్రి ఓస్మోకి కంటిమీద కునుకు లేదు. కానీ తెల్లారేసరికి అతని నోరు ముందు లేచింది. భయమేస్తే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. ఓస్మో వెక్కిరిస్తాడు. మంచం దగ్గర్నుంచి స్నానాలగది దాకా ఆవిడ చేతికర్రతో అడుగులేస్తుంటే, "జరగండి, జరగండి, రాకెట్టు వస్తోంది!" అనేవాడు. ఆవిడ తూలితే, "మా ఆవిడ నాట్యం నేర్చుకుంటోంది," అనేవాడు. చివరికి ఆవిడ, అతను చూస్తున్నంతసేపూ కుర్చీలోంచి లేవడమే మానేసింది.

వేసవి నుంచి మాత్రం వారానికి రెండుసార్లు చర్చిలో అల్లికల సంఘానికి వెళ్ళొస్తోంది. అప్పుడూ ఊరుకోలేదు ఓస్మో. "ఈ వేగంతో నువ్వక్కడికి చేరేసరికి, అల్లిన మేజోళ్ళకు చిరుగులు పడతాయి."

డిసెంబరు మొదటి శుక్రవారం. హెల్కా సంఘానికి బయల్దేరింది. పొయ్యి మీద చేపల పులుసు. చూస్తే అందులోకి బంగాళాదుంపలు లేవు. టైము మూడున్నర. బయట కాటుక చీకటి.

ఓస్మో గుడ్డసంచీ పట్టుకుని నేలమాళిగకు దిగాడు.

నడవాలో దీపాలు రెండు నిమిషాలే వెలుగుతాయి. తర్వాత వాటంతటవే టక్కున ఆరిపోతాయి. అతని చలిగది నడవాలో చివరాఖరిది. వంగి దుంపలు ఏరుతున్నాడు. సంచీ సగం నిండింది...

టక్.

కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనపడలేదు. దగ్గర్లో ఉన్న స్విచ్చు ఒకటే. అది ఇనప తలుపు పక్కనే.

"మంచిది," అన్నాడు పైకే. "విల్హో, కాస్త దీపం వెయ్యవయ్యా. ఖాళీగానే ఉన్నావుగా."

చీకట్లోంచి జవాబు వచ్చింది.

దభ్...

ఓస్మో ఊపిరి బిగబట్టాడు.

దభ్... దభ్... దభ్. ఒక అడుగు పైకి, ఒక అడుగు కిందికి. తొందర లేదు. ఎక్కడికీ వెళ్ళే అడుగులు కావవి... ఉన్నచోటే ఉండి, మనిషి దగ్గరికి వచ్చేదాకా కాచుకునే అడుగులు.

తడుముకుంటూ నడవాలోకి వచ్చి గోడ పట్టుకున్నాడు. ఇనప తలుపు కొంచెం తెరిచి ఉంది. ఆ సందులోంచి నీలం వెలుతురు, నేల మీద కత్తిలా పడి ఉంది.

వెనక్కి పరిగెడదామంటే మెట్లు నడవా అవతలి చివర, దారంతా చీకటి. ఊరందరి నోళ్ళూ మూయించిన నోరు... దాంట్లో తడి లేదు. ఎలాగో గోడకు ఆనుకుని, సందు దాకా జరిగి, ఒంటికన్నుతో లోపలికి చూశాడు.

ఎదుటి గోడ మీద నీడ. పైకప్పు దాకా ఉంది.

చేతులు రెండూ తల మీదికెత్తి ఉంది. మెల్లగా ఊగుతోంది. దెయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చెబుతారు. దీనికి ఆ గొడవే లేదు... ఉన్నది ఒక్క కాలే.

ఓస్మో గోడకు ఇంకా అతుక్కుపోయాడు.

అప్పుడు ఆడగొంతు పలికింది. చాలా మర్యాదగా, చాలా చల్లగా —

"మీరు ఎడమవైపు ఒరిగిపోతున్నారు."

ఓస్మో చూసుకున్నాడు. నిజమే. ఎడమ భుజం గోడకు ఆనించి, పూర్తిగా ఎడమవైపే ఒరిగి ఉన్నాడు.

"మధ్యలోకి రండి," అంది గొంతు.

"రాను..." అన్నాడు ఓస్మో. తనకే వినపడనంత మెల్లగా.

"భయపడకండి. ఇంకొక్క క్షణం... ఊపిరి వదలండి."

చేతిలో సంచీ జారింది. దుంపలు బొలబొలా రాలి, ఒకటి దొర్లుకుంటూ, దొర్లుకుంటూ, తలుపు సందులోంచి లోపలికి పోయింది.

నీడ రెండో కాలు కిందికి దించింది. చేతులు దించింది. తల ఇటు తిప్పింది.

"ఓస్మో...?"

దెయ్యానికి పేరు తెలుసు! ఇక అయిపోయింది. అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తలుపు కిర్రుమంది. వెచ్చటి చెయ్యి ఒకటి అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఇక్కడేం చేస్తున్నావు నువ్వు?"

కళ్ళు తెరిచాడు. ఎదురుగా హెల్కా. అతని పాత లాగు వేసుకుని, ఊలు మేజోళ్ళతో, మొహమంతా చెమట్లతో. చేతికర్ర ఎక్కడో లోపల గోడకు ఆనించి ఉంది.

గదిలో కుర్చీ మీద పాత టీవీ. దాని పక్కన పిల్లలు ఆడుకునే వీడియో గేము పెట్టె. నేల మీద తూకం మిషను లాంటి తెల్లటి పలక. టీవీలో బొమ్మ ఒకతి ఒంటికాలి మీద నిలబడి, చిరునవ్వుతో ఎదురుచూస్తోంది.

"అక్క మనవడు పెద్దాడయ్యాక ఈ ఆటపెట్టె పక్కన పడేశాడు," అంది హెల్కా. "ఆసుపత్రిలో కసరత్తు చేయించే అమ్మాయి దగ్గర ఇలాంటిదే ఉంది. ఆ పలక ఎక్కి దిగుతూ ఉండాలి, ఒంటికాలి మీద నిలబడాలి. ఎటు తూలుతున్నామో అదే చెబుతుంది. వారానికి రెండుసార్లు చేస్తే కర్ర అక్కర్లేదంది ఆ అమ్మాయి. ఈ గది తాళం అడిగి తీసుకున్నాను."

"మరి... అల్లికల సంఘం?"

"ఆరు నెలలు, ఓస్మో. ఒక్క మేజోడైనా ఇంటికొచ్చిందా? నువ్వెప్పుడైనా అడిగావా?"

ఓస్మో గోడను వదల్లేదు. "ఇంట్లో పెద్ద టీవీ ఉందిగా," అన్నాడు చివరికి. "ఈ చలిలో... ఈ విల్హో గాడి గదిలో... ఒంటరిగా ఎందుకే?"

హెల్కా వంగింది — దేన్నీ పట్టుకోకుండానే వంగింది — కాళ్ళ దగ్గరి దుంప తీసి అతని చేతిలో పెట్టింది.

"మొదటి నెలంతా తూలుతూనే ఉన్నాను. రెండుసార్లు పడబోయాను కూడా. ఇక్కడైతే చూసేది విల్హో ఒక్కడే. అతనేమీ అనడు." ఆగింది. "నీ నోటికన్నా దెయ్యమే నయమనిపించింది."



 ఓస్మో దుంప జేబులో వేసుకున్నాడు. బూట్లు విప్పాడు. వెళ్ళి ఆ తెల్లటి పలక ఎక్కి, ఒక కాలు పైకెత్తాడు.

రెండో క్షణంలోనే తూలి హెల్కా భుజం మీద పడ్డాడు. హెల్కా పడలేదు. పట్టుకుంది.

"మీ శరీరం వయసు ఎనభై నాలుగు," అంది టీవీలో బొమ్మ, అదే మర్యాదతో. అతనికి అరవై ఎనిమిది. "నిలబడటం మీకు కష్టంగా ఉందా?"

ఓస్మో నోరు తెరిచాడు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. హెల్కా అతని మొహంలోకే చూస్తోంది. పెదాల చివర, మార్చి తర్వాత మొదటిసారి, నవ్వు లాంటిదేదో కదులుతోంది.

నోరు మూసేశాడు.

"ఏమంటావు?" అంది హెల్కా.

"ఏమీ అనను," అన్నాడు. "ఇంకోసారి పెట్టు."