పదో రీబౌండ్

కాఫీ చల్లారేలోపు అయిపోయే కథ ఇది. కాకపోతే ముందు మా కోల్‌బ్రిడ్జ్ జనం సంగతి కాస్త చెప్పాలి. ఇండియానాలో బాస్కెట్‌బాల్ పుట్టుకతో వస్తుంది. ఫోన్‌లో పందెం మాత్రం రెండేళ్ల కిందటే వచ్చింది. ఫలానా ఆటగాడు ఇవాళ ఎన్ని రీబౌండ్లు పడతాడు? ‘పది’ అన్న జవాబును సెంట్లు పెట్టి కొనుక్కోవచ్చు. నమ్మేవాళ్లు పెరిగితే ధర పెరుగుతుంది. నిజమైతే డాలర్ వస్తుంది. మంగలి ఎర్ల్ ఇందులో పోగొట్టుకుని షాపులో కుర్చీ అమ్మేశాడు. ఇప్పుడు నిలబెట్టే క్షవరం చేస్తున్నాడు. పాస్టర్ గారు పందెం కాయరు. ఆయన ఫోన్ కాస్తుంది.

ఇక ఆర్విల్ ట్రాస్క్. గురి తప్పి తిరిగొచ్చిన బంతి, అంటే రీబౌండ్, ఎవరి చేతికి చిక్కిందో చూసి, కాగితం మీద గీత పెట్టడం అతని పని. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే కుర్చీ, అదే నీలం పెన్సిల్. బంతి ఎవరికీ తగలకుండా మైదానం దాటిపోతే ఆ రీబౌండ్ ఏ ఆటగాడి పేరునా పడదు. అడుగున ‘జట్టు’ అన్న గడిలో పడుతుంది.

పంతొమ్మిదేళ్ల కిందట మా జట్టు కుర్రాడు లోనీ గ్రేబర్ ఆ గడి వల్లే తొమ్మిది దగ్గర ఆగిపోయాడు. "నా వేలికి తగిలింది, ఆర్విల్!" అని అరిచాడు. ఆర్విల్ తలెత్తలేదు. ఆ సాయంత్రమే లోనీ కారు మంచురోడ్డు మీద జారి నదిలో పడింది.

ఈ చలికాలం వరసగా ఐదు ఆదివారాలు మా జట్టులో ఎవరో ఒకరు సరిగ్గా పది పట్టారు. ఐదుసార్లూ ఎవరిదో తెలియని ఒకే ఖాతా ఆ ఆటగాడి మీద ముందుగానే ‘పది’ కొనేసింది. ఊరంతా ఆర్విల్‌ని అనుమానించింది. ఆర్విల్ కూడా. తొమ్మిది గీతలే గీసినట్టు గుర్తు. చివర్లో లెక్కపెడితే పది.

ఆరో ఆదివారం మధ్యాహ్నం లీగ్ నుంచి డెల్ఫీన్ అనే తనిఖీ అధికారి దిగింది. పక్కన కూర్చుని, నల్ల పెన్నుతో తన కాగితం తాను రాసుకోసాగింది.

"ఇవాళ కూడా ఆ పందెం పండితే ఈ కుర్చీ మీది కాదు, ట్రాస్క్ గారూ."

"దీంతోపాటు నా నడుంనొప్పి కూడా తీసుకెళ్తానంటే ఇప్పుడే లేస్తానమ్మా."

నవ్వాడు గానీ, ఆ కుర్చీ పోతే ఆదివారాలు ఎక్కడ కూర్చోవాలో అతనికి తెలియదు.

ఆఖరి నిమిషం. ఆ ఖాతా ఇవాళ ‘పది’ కొన్నది కీషాన్ బోగ్స్ మీద. అతని పేరున తొమ్మిది గీతలు. పాప్‌కార్న్ వాసన మెల్లగా పోయి, నది అడుగున ఉండే బురద వాసన వచ్చింది. వెనక వరసలో ఎర్ల్ ఫోన్ చూసి ముందుకు వంగాడు.

"ఒరే ఆర్విల్... ‘పది’ ధర తొంభై తొమ్మిది సెంట్లకు ఎక్కిందిరా. ఇంకా బంతే వెయ్యలేదు కదరా..."

ఆర్విల్ పెన్సిల్ జేబులో పెట్టేశాడు. రెండు చేతులూ బల్ల మీద పరిచాడు.

బంతి లేచింది. గురి తప్పింది. ఎవరికీ తగలకుండా మైదానం దాటింది.

గీత గీసిన చప్పుడు...

"మీరేనా?" డెల్ఫీన్ గుసగుసలాడింది.

"చేతులు చూడండి..."

చప్పుడు ఆగింది. బల్ల తడిగా ఉంది.

ఆట ముగిశాక ఆర్విల్ పెన్సిల్ తీసి ‘జట్టు’ గడిలో గీత పెట్టాడు. బోగ్స్‌కు తొమ్మిది. డెల్ఫీన్ కాగితంలో పది. ఆ పదోది నీలం పెన్సిల్ గీత. వీడియో చూసిన లీగ్ వాళ్లు తొమ్మిదే ఖాయం చేశారు. తప్పు లెక్క రాసిందని డెల్ఫీన్ ఉద్యోగం పోయింది. ఆర్విల్ కుర్చీ ఆర్విల్‌కే మిగిలింది.

అతను మాత్రం నేరుగా ఇంటికి పోలేదు. పాత లెక్కలు దాచే స్టేడియం బీరువాలోంచి పంతొమ్మిదేళ్ల నాటి కాగితం తీశాడు. ‘జట్టు’ గడిలో గీత చెరిపి, లోనీ పేరు పక్కన పదోది గీశాడు.

"తీసుకోరా నాయనా," అన్నాడు. "ఇక పడుకో."

మర్నాడు పొద్దున్నే ఆ ఖాతా వచ్చే ఆదివారానికి మళ్లీ కొనేసింది.

ఈసారి పదకొండు.