ముత్తయ్య మండువలో 2005 వైన్

'సెల్లార్' అనే విదేశీ ముఠా మంగళవారం దుబాయ్‌లో తన కొరియర్‌ని తనే కాల్చేసింది. బుధవారం పొద్దున్నే చీఫ్ రామచంద్రం ఏజెంట్ కరుణాకర్‌కి ఫోన్ చేశాడు.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది. చచ్చిపోయిన కొరియర్ రెండు నెలల కిందట సుల్తానాబాద్‌లో కల్లు మండువ నడిపే ముత్తయ్య దగ్గర ఒక వైన్ బాటిల్ దాచాడు. దాని కార్క్‌లో మైక్రోచిప్ ఉంది. ముఠాలో దొంగపేరుతో పనిచేస్తున్న మన మనిషి రంజిత్ అసలు పేరూ, అడ్రసూ ఆ చిప్‌లో ఉన్నాయి. ముఠా బాస్ మార్కస్ ఈ మధ్యాహ్నమే బాటిల్ కోసం వస్తున్నాడు. చిప్ వాడి చేతికి చిక్కితే రాత్రికల్లా రంజిత్ ప్రాణం పోతుంది.

కోడ్ వర్డ్ బాటిల్ మీది సంవత్సరం, 2005. ఆ కోడ్‌ని మనకి చేరవేసింది డబుల్ ఏజెంట్ వందన. ఆమె మనకి ఎంత పనిచేస్తుందో వాళ్లకీ అంతే పనిచేస్తుందని చీఫ్ అనుమానం.

కరుణాకర్‌ది వైన్ వ్యాపారి వేషం. ఢిల్లీ వాళ్ల ప్లాన్ కాబట్టి మే నెలలో కోటు తప్పలేదు. ఈ వేషం కోసం వాళ్లు ఎప్పుడో పదిహేను రోజులు ట్రైనింగ్ కూడా ఇచ్చారు. చాలా వైన్లు రెండు మూడేళ్లలో తాగేయాల్సినవే. సత్తా ఉన్న కొన్ని మాత్రమే ఇరవై ముప్ఫై ఏళ్లు నిలుస్తాయి, అదీ చల్లటి చీకట్లో, కార్క్ తడారకుండా బాటిల్‌ని పడుకోబెడితేనే. ఇదంతా వచ్చిన మనిషికి ట్రాఫిక్ దాటడం మాత్రం రాలేదు. రైస్ మిల్లుల ముందు వడ్ల లారీలు రెండు కిలోమీటర్లు బారులు తీరాయి. మూడు గంటలు కదల్లేదు. చిప్‌ని పసిగట్టే స్కానర్ వాచీ ఎండకి వేడెక్కి ఆగిపోయింది. కరుణాకర్ దాన్ని విప్పి వెనక సీట్లోకి విసిరేశాడు.

మండువ చేరేసరికి నాలుగు. పొయ్యి దగ్గర ముత్తయ్య భార్య యాదవ్వ నిప్పుల మీద చేపలు కాలుస్తోంది. కోడ్ వర్డ్ వినగానే ముత్తయ్య రేకుల గదిలోంచి బాటిల్ తెచ్చాడు. రెండు నెలలుగా అక్కడే నిలబెట్టి ఉంచాడట. కరుణాకర్‌కి ఏడుపొచ్చినంత పనైంది. అయినా కార్క్ ఉంది, అదే చాలు. చెయ్యి చాచాడు.

ముత్తయ్య బాటిల్‌ని వెనక్కి జరిపాడు. "ఒక్క మాట జెప్పాలె సారూ. అండ్ల ఉన్నది పారబోసిన."

"ఏందీ?"

"పొద్దుగాల బిరడ కదుల్తుంటే తీసి వాసన జూసిన. పుల్లగ కొట్టింది. ఇరవై ఏండ్ల సరుకు ఇంటికొచ్చినోళ్లకు ఎట్ల ఇస్తం? మేం పొద్దటిది మాపటికే తాగం. గందుకే కడిగి, అప్పుడే గీసిన కల్లు నింపి, గా బిరడనే గట్టిగ కొట్టిన. మధ్యాన్నమే వస్తరని కబురొచ్చె, మీరు గిప్పుడొస్తిరి. జర దూరం బట్టుండ్రి, లోపల పొంగుతుంది."

కరుణాకర్‌కి ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియలేదు. ఈలోపు గేటు దగ్గర కారాగింది. ముందు మార్కస్ దిగాడు, వెనక పట్టుచీరలో, నల్ల కళ్లద్దాలతో వందన. దిగీ దిగగానే ఆమె పిస్టల్ కరుణాకర్ మెడకి ఆనించింది. పొద్దుట్నించీ పడ్డ తిప్పలకి ఇదొక్కటే తక్కువైందనుకున్నాడు.

మార్కస్ బాటిల్ లాక్కుని లేబుల్ చూసి మురిసిపోయాడు. 2005 గొప్ప సంవత్సరమని, ఇంకో ఇరవై ఏళ్లయినా చెక్కుచెదరదని ఇంగ్లీషులో చెప్పుకుపోయాడు. జేబులోంచి కార్క్ తీసే స్క్రూ బయటికొచ్చింది.

"స్క్రూ వద్దు," అన్నాడు కరుణాకర్ ఇంగ్లీషులోనే. "నిలబెట్టి ఉంచిన బాటిల్ ఇది. కార్క్ ఎండిపోయి ఉంటుంది, గుచ్చితే పొడైపోతుంది, చిప్ విరుగుతుంది. దగ్గర పెట్టుకుని చేత్తో మెల్లగా తిప్పు."

అది నిజమని వైన్ తెలిసిన మార్కస్‌కి తెలుసు. మోకాళ్ల మధ్య బాటిల్ ఇరికించుకుని, దాని మీదికి వంగి తిప్పాడు. ముత్తయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

పెద్ద చప్పుడుతో బిరడ మార్కస్ గడ్డానికి తగిలి పైకెగిరింది. నురగ మొహమంతా కమ్మింది. కళ్లు కనబడక వాడు నేల తడుముతూ పాకాడు. బిరడ దొర్లి వాడి వేళ్లకి జానెడు దూరంలో ఆగింది. వందన పిస్టల్ సంగతి మరిచిపోయి కరుణాకర్ దూకాడు. మార్కస్ వేళ్లు బిరడని తాకుతుండగానే దాన్ని ఊడలాక్కుని నిప్పుల్లో పడేశాడు. చిప్ చిటపటమని కాలిపోయింది. యాదవ్వ చేపల్ని పక్కకి జరుపుకుంది.

అప్పుడు వందన పిస్టల్‌ని మార్కస్ వైపు తిప్పింది. "మొదట్నించీ నేను మీ వైపే," అంది. కరుణాకర్ నమ్మలేదు, కానీ వాదించే ఓపిక లేదు.

పోలీసులు మార్కస్‌ని తీసుకెళ్లాక చీఫ్ ఫోన్ వచ్చింది. రంజిత్ క్షేమం. ఆ మాట వినగానే కరుణాకర్ అక్కడే అరుగు మీద కూర్చున్నాడు. అభినందన మాత్రం లేదు. సాక్ష్యంగా దాచాల్సిన 2005 వైన్ ఏమైందో వెంటనే సంజాయిషీ రాసి పంపమన్నాడు చీఫ్.

ముత్తయ్య కల్లు లొట్టి వంచి గ్లాసు నింపి ముందు పెట్టాడు. సంజాయిషీ రేపటిదాకా ఆగుతుంది, కల్లు ఆగదు కాబట్టి కరుణాకర్ కోటు విప్పి గ్లాసు అందుకున్నాడు.