మూడో దిమ్మె మీద అడిగినవాడు

ఇది చాలా చిన్న కథ. టీ గ్లాసు చల్లారేలోపు అయిపోతుంది. ఊరి చివర, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, కూలిపోయిన వంతెన తాలూకు దిమ్మెలు మూడు నిలబడి ఉన్నాయి. చీకటి పడ్డాక మూడో దిమ్మె మీద ఎవరూ గేలం వెయ్యరు. ఒకాయన వేశాడు. అంతే.

కానీ వంతెన సంగతి ఎత్తకుండా దిమ్మె సంగతి చెబితే బాగుండదు. ఆ వంతెన కట్టడానికి పదకొండేళ్లు పట్టింది, కూలడానికి ఒక మధ్యాహ్నం సరిపోయింది. కూలినప్పుడు దాని మీద ఎవరో ఉన్నారని అందరూ ఒప్పుకుంటారు. ఎవరన్నదే తేలదు. మేస్త్రీ అని పోస్ట్‌మాన్ అంటాడు. ఇంజనీరని కాంపౌండరు అంటాడు. కాంపౌండరు ఇంటి గోడ వంకరగా ఉందని ఎప్పుడో ఒక ఇంజనీరు అన్నాడు, అప్పట్నుంచీ చచ్చినవాళ్లందరూ ఆయనకి ఇంజనీర్లే. మంగలి చెప్పేది వేరు. ఆ మనిషి పిట్టగోడ మీదనుంచి వంగి, కింద గేలం వేసుకుంటున్నవాణ్ని "ఏమైనా పడ్డాయా?" అని అడిగాడట. జవాబు వినేలోపే వంతెన వెళ్లిపోయిందట. మంగలి చెప్పేవాటిలో సగం, గడ్డం గీయించుకునేవాడు కదలకుండా ఉండడానికి చెప్పేవి. ఈ ఒక్కటి మాత్రం ఊరు నమ్మింది.

ఎందుకంటే మూడో దిమ్మె మీద వినిపించేది ఆ మాటే.

"పడ్డాయా?"

వెనకనుంచి... మెల్లగా... తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

అసలు గేలం వేసేవాళ్లకి ఆ ప్రశ్న బతికున్నవాడు అడిగినా ఒళ్లు మంటే. పడ్డాయంటే, తెల్లారేసరికి ఆ చోట పన్నెండు కర్రలు లేస్తాయి. అందుకని అక్కడ అందరి జవాబూ ఒకటే — "లేదు". బుట్టలో చేప తోకతో డప్పు కొడుతున్నా "లేదు". ఇలా తరతరాలుగా అబద్ధాలాడి, చివరికి ఒకడి మాట ఇంకొకడు నమ్మని స్థితికొచ్చారు. దాంతో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: చేప నీళ్లలోంచి పైకి రావడం ఇంకో మనిషి చూడాలి. చూసినవాడు లేకపోతే అది బజార్లో కొన్న చేప కిందే లెక్క. ఎంత పెద్దదైనా సరే.

ఇక దర్జీ దగ్గరికొద్దాం.

దర్జీకి నలభై దాటాయి. ఇరవై ఏళ్లుగా గేలం వేస్తున్నాడు. పడ్డవన్నీ అరచేతిలో ఇమిడేవే. కానీ ఆయన కర్ర చూడాలి! తండ్రినుంచి వచ్చిన కర్ర. దాని ప్రతి కట్టూ ఎర్రదారంతో ఆయన స్వయంగా చుట్టుకున్నాడు, కాజా కుట్టినంత పొందిగ్గా. ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. భార్య ఒకసారి దాంతో బూజు దులిపితే మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఇల్లు ఎంతో ప్రశాంతంగా ఉందని ఆవిడ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆవిడ తమ్ముడు ఐసు మిల్లులో పని చేస్తాడు. దర్జీకీ ఆ బావమరిదికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. కారణం ఇద్దరికీ గుర్తులేదు, అందుకే రాజీ కుదరదు. బావమరిది పాంట్లకి ఒక కాలు ఎప్పుడూ వేలెడు పొట్టిగానే వస్తుంది. దర్జీ ఇంటికి వెళ్లే ఐసు ఎప్పుడూ సగం నీళ్లై వెళ్తుంది.

ఒక రోజు రొయ్యలత్త పాక దగ్గర అందరూ ఎరల కోసం నిలబడి ఉన్నారు. రొయ్యలత్త బతికున్న రొయ్యల్ని తొట్టెలో పెట్టి అమ్ముతుంది. ఎవరికీ సొంత అత్త కాదు కానీ అందరికీ అత్తే. ఎవరు ఎవర్ని తిట్టుకున్నా ఆవిడ ముందే తిట్టుకోవాలి, తీర్పూ ఆవిడే చెప్పాలి.

"బావా, నీ సూదికి గుడ్డలు పడతాయి కానీ చేపలు పడవు," అన్నాడు బావమరిది, పదిమందీ వినేలా.

"అమావాస్యలోపు పండుగప్పని పట్టి తెస్తా," అన్నాడు దర్జీ. "మూర పొడవుది. నీ మొహాన కొడతా."

"తేకపోతే?"

దర్జీ తొందరపడ్డాడు. "నా కర్ర నీకిచ్చేస్తా."

బావమరిది నవ్వాడు. "ఇచ్చెయ్. మా మిల్లులో గోనెసంచులు ఆరేసుకోడానికి ఒక దండెం కావాలి."

తరువాత పద్నాలుగు రోజులూ మొగ దర్జీ మీద పగబట్టినట్టే ఉంది. ఎగువన వాన పడి నీళ్లు మట్టి రంగుకి తిరిగాయి. పండుగప్ప మట్టినీళ్లలో ఎర చూడదు. నీళ్లు తేరుకునేసరికి గాలి అడ్డం తిరిగింది. గాలి కుదిరేసరికి మంచి చోట్లన్నీ ఎవరో ఒకరు ఆక్రమించారు, దర్జీని చూసి కూడా ఎవరూ జరగలేదు. అమావాస్య వచ్చేసింది. మిగిలింది ఒక్క రాత్రి, ఒక్క చోటు.

మూడో దిమ్మె.

తోడు రమ్మని మంగలిని అడిగాడు. మంగలికి హఠాత్తుగా నడుం పట్టేసింది. పోస్ట్‌మాన్ తలుపు తియ్యలేదు. కాంపౌండరు లోపల్నుంచే తను ఊళ్లో లేనని చెప్పాడు.

దర్జీ ఆలోచించాడు. సాక్షిని పిలవడం ఎందుకు? బావమరిది ఎలాగూ కాపు కాస్తాడు, ఆ ఏడుపుగొట్టు మొహం ఇంట్లో ఎందుకుంటుంది? చేప పైకి రావడం వాడే చూస్తాడు. వాడి చేతే ఒప్పించాలి. ఆ ఊహే ఆయనకి వెచ్చగా ఉంది.

నీరు తీసేసిన వేళ ఇసుక మేట మీదుగా నడిచి దిమ్మె చేరాడు. మోకాలి లోతు కూడా లేదు. పైకెక్కాడు. ఒకటిన్నర మనిషి కూర్చునే చోటు. చుట్టూ చీకటి... కింద రాయికి పట్టిన గుల్లల మీద నీళ్లు చప్పరిస్తున్న చప్పుడు. అంతే.

బతికున్న రొయ్యని, ప్రాణం పోకుండా, కొమ్ము కింద గుచ్చాడు. పోటు మొదలైంది. నీళ్లు దిమ్మెని చుట్టి వెనక సుడి తిరుగుతాయి, పండుగప్ప ఆ సుడిలోనే కదలకుండా కాచుకుని ఉంటుంది. అక్కడికి వదిలి, తాడు చూపుడువేలి మీద వేసుకున్నాడు.

తాడు ఒకసారి వణికింది. లాగలేదు. ఇరవై ఏళ్లలో నేర్చుకున్నది అదొక్కటే — మొదటిసారి వణికితే లాగకూడదు. ఒకటి... రెండు... మూడు...

లాగాడు.

కర్ర విల్లులా వంగింది. చేప గుల్లల వైపు దూకింది — తాడు వాటికి తగిలితే తెగిపోతుంది. దర్జీ పొట్ట మీద పడుకుని, చేతులు చాచి, తాడుని రాయికి దూరంగా పట్టుకున్నాడు. ఎంతసేపో తెలీదు. చివరికి పైకొచ్చింది. పండుగప్ప. మూర కాదు, మూరన్నర.

దాని మొప్పలోంచి తను కాలర్లు కుట్టే పేట దారం దూర్చి, కాజా ముడి వేసి, నీళ్లలోకి వేలాడదీశాడు. అలా అయితే తెల్లారేదాకా బతికుంటుంది. నవ్వొస్తోంది. ఎవరికైనా చెప్పాలనుంది —

"పడ్డాయా?"

వెనకనుంచి. మెల్లగా.

వచ్చాడు, అనుకున్నాడు దర్జీ. దొంగవెధవ.

తిరగలేదు. నోరు దానంతటదే జవాబిచ్చింది, ఇరవై ఏళ్లుగా ఇస్తున్నట్టే. "లేదు."

అన్నాక కూడా మార్చుకోలేదు. వాడు చూసే ఉంటాడు. చూసి కూడా అడుగుతున్నాడు. అడగనీ. పొద్దున్న రొయ్యలత్త ముందు ఈ చేపతో వాడి చెంప పగలగొడితే ఆ దెబ్బ వేరు.

మళ్లీ రొయ్య గుచ్చాడు. మళ్లీ పడింది! ఇరవై ఏళ్లు పడనిది ఒక్క రాత్రిలో రెండు. రెండోదాన్ని కూడా అదే దారంతో, ఇంకో కాజా ముడితో, మొదటిదాని పక్కన కట్టాడు.

"పడ్డాయా?"

ఈసారి దగ్గరగా. దర్జీ గిర్రున తిరిగాడు. దిమ్మె మీద ఎవరూ లేరు... కింద చీకటి, నీళ్లు.

"లేదురా! ఒక్కటీ లేదు! కిందెక్కడో నక్కి ఆటలాడుతున్నావా?"



నీళ్లు ఇసుక మేటని మింగేశాయి. ఇంక దిగిపోవాలి. కర్ర భుజాన వేసుకుని, దారం మణికట్టుకి చుట్టుకుని కిందకి జారాడు. నడుం లోతు. రెండడుగులు వేసేసరికి రొమ్ము లోతు. చలి. కిందామీదా పడి నడుస్తున్నాడు. ఎంత గిట్టనివాడైనా మనిషి మనిషే కదా, వెనక్కి కేకేశాడు — "ఒరేయ్, వచ్చెయ్! మునిగి చస్తావ్!"

నీళ్ల చప్పుడు ఆగింది. తనవి తప్ప వేరే అడుగుల చప్పుడు లేదు... ముందూ లేదు, వెనకా లేదు.

అప్పుడు, నీళ్ల మట్టానికి, చెవి పక్కనే —

"పడ్డాయా?"

ఊపిరి తగిలింది. చల్లగా, బురద వాసనతో.

"లేదు! లేదు! లేదు!"

ఒడ్డుకి ఎలా వచ్చాడో ఆయనకే తెలీదు. వచ్చాక చూసుకుంటే దారానికి ఒక్క చేపే ఉంది. రెండో ముడి ఉండాల్సిన చోట దారం శుభ్రంగా తెగి ఉంది. ఎక్కడ పోయిందో తెలీదు. భయంతో పరిగెత్తి చేప పారేసుకున్నానని ఎవరితో చెప్పుకుంటాడు? భార్యతో కూడా చెప్పలేదు. ఆవిడతోనా, అసలే చెప్పలేదు.

పొద్దున్న రొయ్యలత్త పాకలో పండుగప్పని బల్ల మీద వేశాడు. అందరూ మూగారు. బావమరిది దాని కళ్లు చూశాడు, మొప్ప ఎత్తి చూశాడు.

"బాగుంది బావా. బజార్లో కొన్నావా?"

"నోర్ముయ్! నా వెనకే ఉండి మూడుసార్లు అడిగావు. పైకి రావడం నువ్వే చూశావు!"

"నేనా?" బావమరిది చుట్టూ చూశాడు. "రాత్రి మిల్లులో మెషీన్ ఆగిపోయింది. తెల్లారేదాకా ఆరుగురం సుత్తులు పట్టుకుని దాన్ని బాదుతున్నాం. మేనేజరు నా పక్కనే ఉండి తిడుతూనే ఉన్నాడు. అడుగు."

మేనేజరు అక్కడే ఉన్నాడు. అబద్ధాలాడే మనిషే కానీ బావమరిదికి మేలు చేసే అబద్ధం మాత్రం చచ్చినా ఆడడు. "నిజమే," అన్నాడు, బాధగా.

దర్జీ బల్ల అంచు పట్టుకున్నాడు.

"అయితే... వెనక ఉన్నదెవరు?" అంది రొయ్యలత్త.

"ఎవరో ఉన్నారు అత్తా. పడ్డాయా అని అడిగారు."

"నువ్వేమన్నావ్?"

"లేదన్నా."

పాక పగిలేలా నవ్వారు. బావమరిది చెయ్యి చాచాడు. "కర్ర ఇవ్వు బావా. సంచులు తడిగా ఉన్నాయి."

దర్జీ కర్రని గుండెకి ఆనించి పట్టుకున్నాడు. "మా నాన్న కర్రరా ఇది. నీ చేతికిచ్చేకంటే విరిచి పొయ్యిలో పెడతా."

"చూశావా అత్తా? ఓడిపోయినవాడి మాటలు!"

చొక్కాలు పట్టుకున్నారు. తొట్టె తన్నేశారు. సగం రొయ్యలు నేలపాలయ్యాయి. రొయ్యలత్త తెడ్డు తీసుకుని ఇద్దరికీ చెరొకటి వేసింది.

"ఆపండి! వెనక ఒకడున్నాడంటున్నాడుగా? చూసినవాడు వాడే కదా? వాణ్నే అడుగుదాం. రాత్రికి నేనే వెళ్తా. అప్పటిదాకా కర్ర ఇక్కడుంటుంది."

మళ్లీ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పోయిన రొయ్యలు ఎన్నో చూసుకుంటోంది.

ఆ రాత్రి నీరు తీశాక ఆవిడ చీర ఎగ్గట్టి, లాంతరు పట్టుకుని ఇసుక మేట మీద నడిచి వెళ్లింది. ఊరంతా ఒడ్డున నిలబడింది. తమాషా అంటే మంగలి నడుం నొప్పి కూడా పోయింది. లాంతరు మూడో దిమ్మె దాకా వెళ్లింది... ఆగింది... చాలాసేపు అక్కడే ఉంది. గాలి ఒడ్డునుంచి అటే వీస్తోంది, ఒక్క మాటా వినపడలేదు. తరువాత లాంతరు మెల్లగా వెనక్కొచ్చింది.

రొయ్యలత్త ఒడ్డెక్కి చీర అంచు పిండుకుంది.

"పడ్డాయట," అంది. "రెండట."

బావమరిది పగలబడి నవ్వాడు. "ఒకటి తెచ్చినవాడికి రెండా! దెయ్యానికి కూడా లెక్కలు రావు!"

దర్జీ నవ్వలేదు.

ఆవిడ కొంగు చాటునుంచి ఇంకో పండుగప్పని తీసి ఆయన కాళ్ల దగ్గర వేసింది. దాని మొప్పకి పేట దారం ముక్క, కాజా ముడితో. ఒక రాత్రీ ఒక పగలూ గడిచినా అది ఇంకా నోరు తెరిచి మూస్తోంది.

"ఇచ్చెయ్యమన్నాడు," అంది రొయ్యలత్త. "నీకేం పడలేదని మూడుసార్లు చెప్పావట కదా. ఇంకెవరిదో అనుకుని దాచిపెట్టాడట."

చేప మళ్లీ నోరు తెరిచింది.

తీర్పు దర్జీకి అనుకూలంగా వచ్చింది. చూసినవాడు ఉన్నాడు కాబట్టి పందెం ఆయనే గెలిచాడు. అయినా దర్జీ కర్ర తీసుకెళ్లి బావమరిది చేతిలో పెట్టి, "సంచులు ఆరేసుకో. ఇంక నేను గేలం వెయ్యను," అని, ఇంటికెళ్లి పడుకున్నాడు.