తొమ్మిది అంగుళాల సొరుగు

"ఈ వార్డ్‌రోబులో ఒక సగానికి పన్నెండు సొరుగులు పట్టాలి. లెక్క వేసే ఇస్తున్నాను" అంటూ, కొలతలకని వాళ్ళింటికి వెళ్ళిన నా చేతిలో ఆ అమ్మాయి ఒక గ్రాఫ్ కాగితం పెట్టింది.

లెక్కల టీచరట. ఆ నీటు గీతలు చూడగానే నాకు ఒళ్ళు మండింది. పదేళ్ళుగా మా పెద్దనాన్న దగ్గర వార్డ్‌రోబులు చేస్తున్నవాణ్ణి. ఆయన్ని అందరూ పెద్ద మేస్త్రీ అంటారు, నన్ను చిన్న మేస్త్రీ అంటారు. నాకొకరు సొరుగులు గీసివ్వడమా?

"టీచర్ గారూ, ఈ సగం మూడడుగుల వెడల్పు. పక్కపక్కన మూడేసి సొరుగులు గీశారు. ఒక్కోదాని లోపల ఎంత చోటు వస్తుందనుకుంటున్నారు?"

"పన్నెండు అంగుళాలు. మూడు పన్నెండ్లు ముప్పై ఆరు. ఎక్కాలు రావా మీకు?"

"నాకు ఎక్కాలొచ్చు. మీకే చెక్క రాదు. మధ్యలో నిలువు పలకలు కొంత తింటాయి. సొరుగు పక్కచెక్కలు కొంత తింటాయి. సొరుగు జారడానికి ఛానెల్స్ బిగిస్తామా, అవి ఇంకొంత తింటాయి. చివరికి మీకు మిగిలేది తొమ్మిది. అదే అడ్డంగా ఒకటే పెద్ద సొరుగు పెడితే ముప్పై రెండున్నర. సొరుగులు పెరిగేకొద్దీ చోటు తగ్గుతుందండీ."

ఆమె నా చెవి మీదున్న పెన్సిల్ లాక్కుని కాగితం వెనక గబగబా లెక్క వేసింది. కనుబొమలు ముడుచుకున్నాయి, మళ్ళీ విడిపోయాయి.

"నిజమే. నాదే తప్పు" అంది.

తప్పు ఒప్పుకున్న లెక్కల టీచర్ని నేను చూడటం అదే మొదటిసారి. నేను పడిపోయింది అక్కడే అనుకుంటాను.

పెద్దనాన్నది ఒకటే సూత్రం. బట్టలు దొంతరలు పేర్చి కొలవకుండా సొరుగు గీయకూడదు. ఆ సంగతి చెప్పి, ఉన్నవన్నీ మంచం మీద వేయమన్నాను. కొండంత గుట్ట పడింది. దొంతర తర్వాత దొంతర కొలుచుకుంటూ వెళ్ళాను. పైన చిన్నాచితకా వస్తువులకి నాలుగు అంగుళాల లోతు చాలు, కింద దుప్పట్లకి పది కావాలి. మంచం ఒక జానెడు జరిపితే తప్ప కింది సొరుగు పూర్తిగా బయటికి రాదు. గుట్టలోంచి ఇరవై ఏడు ఒంటరి సాక్సులు బయటపడ్డాయి.

"వీటి జతలేవండీ?"

"వస్తాయనే ఆశ."

"ఆశకి ఎంత లోతు సొరుగు పెట్టమంటారు?"

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసం, ఒక్కసారి వెళితే సరిపోయే పనికి నాలుగుసార్లు వెళ్ళాను. పిడి రంగు చూపించడానికి ఒకసారి, పిడి ఆకారం చూపించడానికి ఇంకోసారి. చివరి సొరుగు బిగిస్తే ఆ గుమ్మం తొక్కడానికి నాకిక సాకు ఉండదు. ఈలోగా మనసులో మాట చెప్పేయాలి. ప్రతిసారీ అదే అనుకుంటూ వెళ్ళి, ప్రతిసారీ స్క్రూల గురించి మాట్లాడి వచ్చేవాణ్ణి.

నాలుగోసారి వాళ్ళ నాయనమ్మ కాఫీ ఇస్తూ, "ఆ రెండో సగం కూడా సొరుగులతో నింపెయ్ నాయనా. అది మా పెళ్ళికొడుకు బట్టలకి" అంది.

పెళ్ళికొడుకా! టీచర్ వైపు చూశాను. కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకుంటోంది.

"అయితే... ఆయన బట్టలు ఒకసారి తెప్పిస్తే కొలుస్తాను" అన్నాను.

"ఆయన బట్టలు ఇప్పట్లో రావు లెండి" అంది టీచర్.

ఎక్కడో దూరాన ఉద్యోగమన్నమాట! కాఫీ సగంలోనే వదిలేసి వచ్చేశాను.

ఆ వారం నేను చేసిన పని ఏ మేస్త్రీ చేయకూడనిది. ఆమె సగంలో విశాలమైన సొరుగులు అమర్చాను. రెండో సగంలో నేను వద్దని కొట్టేసిన లెక్క ప్రకారమే మూడేసి చొప్పున ఇరుకు సొరుగులు పెట్టాను. మామూలుగా మడిస్తే మగవాడి చొక్కా పది అంగుళాలకి తగ్గదని నాకు తెలుసు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. ఆమె స్కూల్లో ఉన్న సమయం చూసుకుని వెళ్ళి, బిగించి వచ్చేశాను.

మూడో రోజు మధ్యాహ్నం జోరున వాన. వర్క్‌షాపులో ఒక్కణ్ణే పలకని ఇసుక కాగితంతో రుద్ది నున్నగా చేస్తున్నాను. టీచర్ వచ్చి తడిసిన గొడుగు గుమ్మంలో ఆనించింది.

"నాయనమ్మ మా తాతయ్య చొక్కా తీసి ఆ సొరుగులో పెట్టి చూసింది. పట్టలేదు."

నేను పలకని ఇంకాస్త గట్టిగా రుద్దసాగాను.

"లోపల స్కేలు పెట్టి చూశాను. తొమ్మిది. తప్పని నాకు పాఠం చెప్పింది మీరే కదా? పొరపాటున చేశారా, కావాలనే చేశారా?"

"కావాలనే చేశాను. మీ పెళ్ళికొడుకు బట్టలు అందులో పట్టకూడదనే చేశాను."

అనేశాక గాని ఏమన్నానో నాకు తెలియలేదు. రేకుల మీద వాన హోరున పడుతోంది.

"ఏ పెళ్ళికొడుకు?" అందామె.

"దూరాన ఉద్యోగం చేస్తున్నాయన."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! నేను కాలేజీలో చేరినప్పట్నుంచీ మా నాయనమ్మ ఏది కొన్నా సగం ఆ రాని పెళ్ళికొడుక్కి అట్టే పెడుతుంది. మా ఇంట్లో టూత్‌బ్రష్‌ల స్టాండులో కూడా అతని చోటు ఖాళీగా ఉంటుంది. మనిషే లేనప్పుడు బట్టలెక్కణ్ణించి వస్తాయండీ?"

నేను నోరెళ్ళబెట్టాను. "మరి ఆ రోజే చెప్పొచ్చుగా!"

"మీరు అడుగుతారని చూశాను. ఎవరాయన, ఎప్పుడు పెళ్ళి అని ఒక్క ముక్క అడగాలిగా? కాఫీ వదిలేసి పారిపోయారు." ఆమె గొంతు కాస్త తగ్గింది. "ఆ వారమంతా నాకు ఏడుపొచ్చింది తెలుసా? నాకు మీరంటే ఇష్టం. ఇంతకుమించి స్టెప్పులు రాయమనకండి, నాకు రాదు."

"నాక్కూడా మీరంటే చచ్చేంత ఇష్టం" అన్నాను. ఇసుక కాగితం ఇంకా చేతిలోనే ఉంది.

అప్పుడే పెద్దనాన్న గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. కస్టమర్‌ని చూడగానే ముఖం మారింది. "ఏమ్మా, ఏమైనా లోపమా?"

"సొరుగులు ఇరుకయ్యాయండీ" అంది టీచర్ బుద్ధిగా.

"ఇరుకా? నా షాపు సరుకా? ఎవడ్రా చేసింది?"

"నేనే. కావాలనే చేశాను పెద్దనాన్నా."

ఆయన బల్ల మీది ఇనుప స్కేలు అందుకున్నాడు. "ఒళ్ళు కొవ్వెక్కిందా? ఎందుకు చేశావ్?"

"ఈవిడ ఇంకెవర్నో పెళ్ళి చేసుకుంటోందనుకున్నాను."

పెద్దనాన్న నన్ను చూశాడు. ఆమెని చూశాడు. ఆమె తల దించుకోలేదు, చూపు తిప్పుకోలేదు. బుగ్గలు మాత్రం ఎర్రబడ్డాయి. ఆయన స్కేలు నెమ్మదిగా బల్ల మీద పెట్టేశాడు.

"మామ్మగారు ఇంట్లోనే ఉన్నారామ్మా?"

"ఉన్నారండీ."

"అయితే పదండి, ఇప్పుడే వెళ్దాం."

"సొరుగులు విప్పడానికి టూల్‌బాక్స్ తేనా పెద్దనాన్నా?" అన్నాను.

"ఒరేయ్ మొద్దూ! సొరుగుల సంగతి రేపు చూసుకో. ఇవాళ పెళ్ళి సంగతి నేను మాట్లాడాలి."

బయట వాన ఏమాత్రం తగ్గలేదు. మేం ముగ్గురం, గొడుగులు రెండు. పెద్దనాన్న తన గొడుగు తాను వేసుకుని ముందు నడిచాడు. మేమిద్దరం ఆమె గొడుగు కింద వెనక నడిచాం. వాళ్ళ ఇల్లు చేరేదాకా ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.