నీళ్లెంత, పర్వతాలూ?

సూర్యాపేటకు రైలు లేదు. అయినా ఆ ఊళ్లో పర్వతాలు ఇల్లెక్కడ అని అడిగితే చిన్నపిల్లలు కూడా "రైలు తాత ఇల్లా?" అని దారి చూపిస్తారు. బొగ్గింజన్ల కాలంలో పొయ్యిలో బొగ్గేసే ఫైర్‌మన్‌గా చేరి, ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి, డ్రైవరుగా దిగిన మనిషి. రిటైరై పన్నెండేళ్లు దాటినా ఆ ఇంట్లో ఇంకా రైలు పద్ధతే నడుస్తోంది. ఒకరు ఒక మాట చెబితే విన్నవాళ్లు ఆ మాట తిరిగి చెప్పాలి.

"గేటు ఏసిన" అని భార్య సైదమ్మ అంటే "గేటు ఏసినవ్" అని పర్వతాలు అనాలి. "మోటరు బంద్" అని కొడుకు శ్రీహరి అంటే లోపలి నుంచి "మోటరు బంద్" అని వినపడాలి. ఇంజన్ మీద డ్రైవరు సిగ్నలు చూసి పచ్చ అంటే, ఫైర్‌మన్ తన కళ్లతో తానూ చూసి పచ్చ అనాలన్నది రూలు. కోదాడ నుంచి కోడలై వచ్చిన కొత్తలో కళ్యాణి ఈ తంతు చూసి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ఇరవై ఏళ్లలో ఆమెకూ ఆ గాలి సోకింది. ఇప్పుడు పుట్టింటికి వెళ్లినా వాళ్లమ్మకు అలాగే జవాబు చెబుతుంది, అక్కడివాళ్లు నవ్వుతారు.

ఆ గురువారం కూడా మామూలుగానే తెల్లారింది. పర్వతాలు వరండాలో కూర్చుని సాసర్లో చాయ్ ఊదుకుంటున్నాడు. డిగ్రీ చదువుతున్న మనవరాలు సింధూజ ఫోను పట్టుకుని వచ్చి పక్కన చేరింది.

"తాతా, ఆదివారం టికెట్లు ఖరారైనయ్. ఏడుగురం."

"ఏడుగురం" అన్నాడు పర్వతాలు.

పాత బొగ్గింజన్ ఒకదాన్ని బాగుచేసి, దాని వెనక నాలుగు పెట్టెలు తగిలించి, ఆదివారం మిర్యాలగూడ నుంచి కృష్ణ మీది వంతెన దాకా తిప్పి తెస్తారట. వారం రోజులుగా ఇంట్లో ఇదే సందడి. పులిహోర ఎంత కలపాలి, కారు మాట్లాడుకోవాలా బస్సు చాలునా, వియ్యంకులు కోదాడ నుంచి ఇటొచ్చి కలవాలా, నేరుగా స్టేషన్‌కే రావాలా. కళ్యాణి అన్నీ కాగితం మీద రాస్తోంది. సైదమ్మ కాగితంలో లేనివి గుర్తుచేస్తోంది. అందరికంటే ఎక్కువ మురిసిపోతున్నది పర్వతాలే.

"ఇంకో ముచ్చట తాతా. నీకు చెప్పకుండ ఒక పని చేసిన. నీ పాత ఫోటో వాళ్లకు పంపిన. అప్పట్ల బొగ్గింజన్ నడిపినోళ్లకు ప్లాట్‌ఫారం మీద సన్మానం చేస్తరంట. నీతోని పనిచేసినాయన ఇంకొకాయన గూడ వస్తుండంట. మిర్యాలగూడ దగ్గర తండాల ఉంటడంట. దేవ్‌సింగ్."

సాసర్ ఒరిగి చాయ్ పంచె మీద ఒలికింది. పర్వతాలు ఆ పేరు తిరిగి చెప్పలేదు. ఆ ఇంట్లో ఒక మాట జవాబు లేకుండా మిగిలిపోవడం అదే మొదటిసారి.

"యాదికి లేడా తాతా?"

"ఎప్పటి ముచ్చటో బిడ్డా" అని లేచి లోపలికి వెళ్లిపోయాడు.

గుండెల్లో రైళ్లు పరుగెత్తడం అంటారు. జన్మంతా రైలు నడిపిన మనిషికి ఆ మాట ఎంత నిజమో ఆ పొద్దున తెలిసింది. దేవ్‌సింగ్ ఆయన మొదటి డ్రైవరు. నలభై మూడేళ్ల కింద ఒక మధ్యాహ్నం ఇంజన్ మీద దేవ్‌సింగ్ "నీళ్లెంత" అని అడిగాడు. పర్వతాలు సరిగ్గా చూడకుండా "సగం" అన్నాడు. బాయిలర్లో నీళ్లు అడుగంటి ఉన్నాయి. ఆవిరి తగిలి దేవ్‌సింగ్ ఒళ్లు కాలింది. బతికాడు గాని మళ్లీ ఇంజన్ ఎక్కలేదు. పైగా విచారణలో తప్పంతా తన మీద వేసుకున్నాడు. పర్వతాలు నోరు విప్పలేదు, ఆయన్ని చూడటానికి వెళ్లనూ లేదు.

ఆ తర్వాత ప్రమోషన్లు వచ్చాయి. ఒక్క ప్రమాదం లేకుండా నడిపినందుకు ఇచ్చిన పత్రం హాల్లో గోడకు అద్దం కట్టి వేలాడుతోంది. వచ్చిన చుట్టాలకు సింధూజ ముందు చూపించేది దాన్నే. ఆదివారం కొడుకూ కోడలూ మనవరాలూ వియ్యంకులూ అందరూ నిలబడి ఉండగా దేవ్‌సింగ్ నోరు తెరిస్తే ఆ పత్రం ఏ మొహంతో గోడ మీద ఉంటుంది? ఆ ఆలోచనతో ఆయనకు అన్నం సయించలేదు.

శుక్రవారం నుంచి మోకాలు నొప్పి మొదలైంది.

"నిన్న డాబా ఎక్కి వడియాలు దించినవ్. అప్పుడు లేదా నొప్పి?" అంది సైదమ్మ.

"నొప్పి నిన్ను అడిగి వస్తదా?"

"అడిగి రాదు. పని చూసుకొని వస్తది."

శ్రీహరి చివ్వెంల హైస్కూల్లో లెక్కల మాస్టారు. సాయంత్రం బండి దిగుతూనే సంగతి విని మొహం మాడ్చుకున్నాడు.

"నాయినా, గీ ప్రయాణం పెట్టుకున్నదే నీ కోసం. నువ్వు రాకుంటే మేం పోయి ఏం జెయ్యాలె?"

"మీరు పోయి రండ్రి. నాకిప్పుడు పొగ పడతలేదు."

"పొగల బతికినోనికి పొగ పడదా?" శ్రీహరి గొంతు మారింది. "ఇది కొత్త గాదులే. నా పుట్టినరోజుకు గూడ గంతే. అమ్మ పాయసం చేస్తది, ఆ దినం నీకు ఎక్కడో పనుంటది. చిన్నప్పటి సంది చూస్తున్న. నాతోని కూసొని ఒక్కసారన్న తిన్నవా?"

పర్వతాలు తల వంచుకున్నాడు. ఏడాదికోసారి ఆ పాయసం ఎందుకు తినలేడో చెప్పాలంటే మొత్తం చెప్పాలి. శ్రీహరి చెప్పులు విడిచి విసురుగా లోపలికి వెళ్లాడు. పర్వతాలు వరండాలోనే కూర్చుని, కనీసం వానైనా పడుతుందేమోనని ఆకాశం చూశాడు. మబ్బు తునక కూడా లేదు.

శనివారం పొద్దున కళ్యాణి డాబా మీద బట్టలు ఆరేస్తోంది. సైదమ్మ పప్పు కడిగి కుక్కర్లో పోసింది. ఇంతలో వీధిలో ఆకుకూరల మనిషి కేకేస్తే అలాగే వదిలేసి గేటు దగ్గరికి పోయింది.

"మామయ్యా," పైనుంచి కళ్యాణి పిలిచింది. "అత్తయ్య ఈమధ్య మరిచిపోతున్నారండీ. కుక్కర్లో నీళ్లు పోశారేమో కాస్త చూస్తారా?"

కుక్కర్ ఆయన కూర్చున్న వంటింటి గడపకు నాలుగడుగుల దూరంలో మూత లేకుండా ఉంది. పర్వతాలు మనసు మాత్రం మిర్యాలగూడ ప్లాట్‌ఫారం మీద ఉంది.

"పోసింది" అన్నాడు.

ఆ మాట గేటు దగ్గరున్న సైదమ్మ చెవినా పడింది. పోసిననే అనుకుని వచ్చి, మూత పెట్టి, స్టవ్ వెలిగించి, మళ్లీ బేరానికి వెళ్లింది.

కాసేపటికి సింధూజ వంటింట్లోకి వచ్చింది.

"నానమ్మా, విజిల్ వస్తలేదేంది?" అంటూ గరిటె తీసుకుని కుక్కర్ మీదికి వంగింది.

విజిల్ రావడం లేదు. ఆ వెంటే మాడు వాసన. మోకాలు నొప్పి మనిషి ఒక్క ఉదుటున గడప దాటాడు. పిల్ల రెక్క పట్టి గుంజి వెనక్కి తోశాడు. అదే క్షణంలో మూత మీది చిన్న ప్లగ్గు కరిగి బుస్సున ఊడింది. వేడి పొగ ఆయన ముంజేతిని కాల్చుకుంటూ గోడకు కొట్టింది. స్టవ్ ఆపి ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు.

కళ్యాణి మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. కూతురి మొహం, చేతులు తడిమి చూసింది. ఏమీ కాలేదని తెలిశాక మామగారి వైపు తిరిగింది. ఇరవై ఏళ్లలో ఆయన ముందు గొంతు పెంచని మనిషి.

"నీళ్లు పోసిందన్నారు కదండీ. చూశారా?"

పర్వతాలు మాడిన కుక్కర్ వైపే చూస్తున్నాడు.

"చూశారా మామయ్యా? ఈ ఇంట్లో మాట తిరిగి చెప్పడం అందరికీ వచ్చు. చూసి చెప్పేవాళ్లెవరు? పిల్ల కళ్లు పోతే ఏం చేసేవాళ్లం?"

"చూడలే బిడ్డా" అన్నాడు ఆయన. "గప్పుడు గూడ చూడలే."

సైదమ్మ కొత్తిమీర కట్టతో గడపలో నిలబడింది. చప్పుడుకు శ్రీహరి కూడా వచ్చాడు. ఇక దాచడానికి పర్వతాలు దగ్గర ఓపిక మిగల్లేదు.

"కుక్కర్‌కు ఉన్నట్టే బాయిలర్‌కు గూడ సీసం ప్లగ్గు ఉంటది. నీళ్లు తగ్గితే కరుగుతది, ఆవిరంత మనుషుల మీద పడతది. నీళ్లెంతున్నయో చూపెట్టనీకి గాజు గొట్టం ఉంటది. అది మూసుకపోతే గూడ నీళ్లున్నట్టే కనపడతది. అందుకని కింద మర తిప్పి నీళ్లు ఇడిచి, మళ్ల పైకొస్తయా లేదా చూసి చెప్పాలె. నేను తిప్పలే. సగం అన్న. దేవ్‌సింగన్న నమ్మిండు. ప్లగ్గు పోయినప్పుడు నన్ను గిట్లనే గుంజి తన వెనకకు తోసిండు. ఆవిరంత ఆయన మీద పడ్డది. పోరగాని తప్పు లేదు, నేనే తొందర పెట్టిన అని సాహెబులకు చెప్పిండు. నేను నోరు తెరవలే. దవాఖాన గేటు దాక పోయి మర్లొచ్చిన."

"ఎందుకు చూడలేదు తాతా?" సింధూజ మెల్లగా అడిగింది.

ఆయన కొడుకు వైపు చూశాడు.

"ఆ దినమే మీ నాయిన పుట్టిండు. స్టేషన్ల కబురు అందింది. దేవ్‌సింగన్న సద్దిమూటల నుంచి బెల్లం ముక్క తీసి నా నోట్లె పెట్టిండు. ఆ సంబురంల నేను లోకం మీద లేను. నీ పుట్టినరోజు పాయసం ముంగట పెడితే నాకు ఆ బెల్లమే యాదికొస్తది శ్రీహరీ. మింగుడు పడదు."

శ్రీహరి వచ్చి తండ్రి పక్కన నేల మీద కూర్చున్నాడు. కాలిన ముంజేతిని ఒళ్లోకి తీసుకుని తడిగుడ్డ చుట్టాడు.

"నేను పుట్టుడే నీకు ఇష్టం లేదనుకున్న నాయినా" అన్నాడు. ఆ మాటతో ఇద్దరికీ ఏడుపు ఆగలేదు.

సైదమ్మ మాత్రం ఏడవలేదు. ఆమెకు మహా కోపం వచ్చింది. "నా కొడుకు పుట్టిండని నీకు బెల్లం పెట్టినాయన్ని చూడనీకి పోలేదా? నాకన్న చెప్పలేదా? ఇగ రేపు మోకాలు గాదు, నడుమే పడిపోయినా నిన్ను ఎత్తుకొనన్న తీస్కపోత."

"నేనూ ఒక చెయ్యేస్తాను అత్తయ్యా" అంది కళ్యాణి కళ్లు తుడుచుకుంటూ.

ఆదివారం కారులో గంటసేపు పర్వతాలు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. భయం పోలేదు. ఇంట్లోవాళ్లకు చెప్పడం ఒక ఎత్తు, ఆ మనిషి ముందు నిలబడటం ఇంకో ఎత్తు. మిర్యాలగూడ మిల్లుల ఊక వాసన తగిలేసరికి ఆయన కండువా తీసి మళ్లీ మడత పెట్టుకున్నాడు.

ప్లాట్‌ఫారం మీద జనం. నల్లటి ఇంజన్ నునుపుగా మెరుస్తూ ఆవిరి వదులుతోంది. దాని ఎదురుగా కుర్చీలో ఒక బక్క ముసలాయన కూర్చున్నాడు. ఎడమ చేతి చర్మం మోచేతి దాకా ముడతలు పడకుండా తెల్లగా సాగి ఉంది. కోదాడ వియ్యంకులు అప్పటికే వచ్చి అక్కడే నిలబడి ఉన్నారు.

పర్వతాలు వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"ముసలోనివైనవ్" అన్నాడు దేవ్‌సింగ్.

"అన్నా, ఆ దినం నేను గొట్టం పరీక్ష చెయ్యలే. తప్పు నాది. నీ మీద పడ్డది." అందరూ వినేలాగే చెప్పాడు.

"అది నాకు అప్పుడే ఎరుక. ప్లగ్గు పోయినందుకు నాకు కోపం లేకుండె. డ్రైవర్ని, నేను గూడ చూసుకోవాలె." దేవ్‌సింగ్ ఎడమ చెయ్యి నిమురుకున్నాడు. "దవాఖాన్ల ఇరవై రెండు దినాలు పండుకున్న. దినాం తలుపు దిక్కు చూసిన. ఇయ్యాల వస్తడు, రేపు వస్తడు అని."

"భయమైందన్నా. నువ్వేమంటవో అని."

"ఏమంటుంటి? పిల్లగాడు ఎట్లున్నడు, పాలు తాగుతుండా అని అడుగుతుంటి."

పర్వతాలు ఆయన మోకాళ్ల మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. శ్రీహరి ముందుకొచ్చి వంగి దండం పెట్టాడు. దేవ్‌సింగ్ కళ్లద్దాలు సర్దుకుని కాసేపు చూశాడు.

"గీ పిల్లగాడేనా?"

"గీ పిల్లగాడే" అంది సైదమ్మ. కొంగుకు కట్టుకొచ్చిన బెల్లం విప్పి ముక్క విరిచి ఆయన చేతిలో పెట్టింది. "ఆలస్యమైందయ్యా. తప్పు పట్టకు."

దేవ్‌సింగ్ బెల్లం నోట్లో వేసుకుని పళ్లు లేని దవడతో నెమ్మదిగా చప్పరించాడు. తర్వాత ఇంజన్ వైపు చూశాడు.

"పర్వతాలూ, నీళ్లెంత?"

పర్వతాలు కళ్లు తుడుచుకుని లేచాడు. ఇంజన్ మీదున్న కుర్ర డ్రైవరును అడిగి, అతని చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. పొయ్యి వేడి మొహానికి కొట్టింది. గాజు గొట్టంలో నీళ్లు కనిపిస్తున్నాయి. ఆయన నమ్మలేదు. కింద మర తిప్పాడు. నీళ్లు బుసబుసమంటూ దిగిపోయి గొట్టం ఖాళీ అయింది. మర కట్టి, గొట్టం వైపే చూస్తూ నిలబడ్డాడు. నీళ్లు మళ్లీ పైకి వచ్చి నిలిచాయి. అవి కదలకుండా నిలిచేదాకా చూసి కిందికి దిగాడు.

"తిప్పి చూసిన అన్నా. మూడొంతులున్నయ్."

"మూడొంతులు" అన్నాడు దేవ్‌సింగ్.

వెనక నుంచి సైదమ్మ, శ్రీహరి, కళ్యాణి, సింధూజ కూడా అలవాటు చొప్పున అదే మాట అన్నారు. కోదాడ వియ్యపురాలు ఈసారి నవ్వలేదు. పులిహోర డబ్బా కింద పెట్టి కొంగుతో కళ్లొత్తుకుంది.