చప్పుడు లేని మోటారు

కోటమ్మ ఇడ్లీ ముక్క తుంచి, చట్నీలో అద్ది, భర్త నోటికి అందించింది. మస్తాన్‌రావు నోరు తెరిచాడు గానీ ఆమె వైపు చూడలేదు. నలభై ఏళ్ళు సముద్రంలో వల లాగిన మనిషి. కట్టు కట్టిన కుడిచెయ్యి ఒళ్ళో దిండు మీద ఉంది. ఆ చేతికి ఇప్పుడు బొటనవేలు, చిటికెనవేలు మాత్రమే మిగిలాయి.

గుమ్మం పక్కన కూర్చున్న కొడుకు బాబి ప్లేటులో ఇడ్లీలు అలాగే ఉన్నాయి. పదకొండు రోజులుగా అతనికి ముద్ద దిగడం లేదు.

"తినరా," అంది కోటమ్మ. "నువ్వు కూడా మంచాన పడితే నేనెక్కడికి పోవాలి?"

"తింటాలేమ్మా."

"అది ఇవాళ వస్తుందంట. పుల్లమ్మ పిన్నికి ఫోన్ చేసి చెప్పిందంట. నాకు చెప్పే ముఖం లేదుగా."

అది అంటే సౌజన్య. ఆమె కన్నకూతురు, బాబికి అక్క. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, బాపట్లలో పడవలకు బ్యాటరీ మోటార్లు బిగించే చిన్న కంపెనీలో పనిచేస్తోంది. రేపల్లె దాటాక వచ్చే ఆ చిన్న రేవులో డీజిల్ ఇంజన్ తీసేసి కరెంటు మోటారు పెట్టిన మొదటి బోటు మస్తాన్‌రావుదే, బిగించింది సౌజన్యే. పొగ లేదు, కంపు లేదు, ఇంటికొచ్చాక కూడా చెవుల్లో మోగే హోరు లేదు. నాలుగు నెలలపాటు మస్తాన్‌రావు కూతురి గొప్ప రేవంతా చెప్పుకున్నాడు.

తర్వాత ఒక ఉదయం సముద్రంలో, నీళ్ళలో తిరిగే మోటారు ఫ్యానుకి వల చుట్టుకుంది. తియ్యడానికి అతను నీళ్ళలోకి దిగాడు. తాళం తీసి జేబులో వేసుకున్నా మోటారు దానంతట అదే తిరిగిందని, బోటులో ఉన్న బాబి చెప్పాడు. తెనాలి ఆసుపత్రిలో డాక్టరుకి చెప్పాడు, అమ్మకి చెప్పాడు, రేవులో అడిగినవాళ్ళందరికీ చెప్పాడు.

ఈ సాయంత్రం కులపెద్దలు కూర్చుంటున్నారు. ఇకమీదట ఈ రేవులో ఏ బోటుకీ అలాంటి మోటారు పెట్టకూడదని కాగితం రాసి కంపెనీకి పంపబోతున్నారు. ఆ కాగితం చేరితే సౌజన్య ఉద్యోగం పోతుంది. కన్నతండ్రి చెయ్యి తీసిందన్న పేరు మాత్రం ఎన్నటికీ పోదు.

తొమ్మిదికల్లా ఆమె వచ్చింది. కోటమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అక్కడే ఆగు. నీ చదువు ఏం చేసిందో చూసుకుని పో."

"నాన్నని చూడ్డానికే వచ్చానమ్మా."

"చూశావుగా. ఇరవై ఏళ్ళు ఆ పాత ఇంజన్ ఆయన గోరు కూడా ముట్టుకోలేదు. నువ్వొచ్చి అన్నం కలుపుకోలేని మనిషిని చేశావు."

మస్తాన్‌రావు గోడవైపు తిరిగాడు. సౌజన్య కాసేపు ఆ వీపునే చూసింది.

"మోటారు దానంతట అది తిరగదమ్మా. తిరిగిందంటే నేను బిగించడంలోనే ఏదో తప్పుండాలి. అదేంటో తేల్చుకునే పోతాను. తాళం ఎప్పుడు తిప్పారు, వేగం పెంచే లివరు ఎప్పుడు కదిలింది, అన్నీ మోటారు పెట్టెలో నమోదై ఉంటాయి."

బాబి చేతిలో ప్లేటు ఒరిగింది. చట్నీ గచ్చు మీద పడింది.

"నేనూ వస్తానక్కా," అన్నాడు. ఆమెను ఆపే దారి అతనికి తోచలేదు.

కాలువలో కట్టేసిన బోటెక్కి, సౌజన్య మోటారు పెట్టె మూత తీసి, లాప్‌టాప్ వైరు తగిలించింది. బాబి ఆమె ముఖమే చూస్తున్నాడు. ముందు ఆ ముఖంలో ఊరట కనిపించింది. మరుక్షణం రంగు పోయింది.

"తాళం తీసి జేబులో వేసుకున్నానన్నావు గదరా," అంది నెమ్మదిగా. "తియ్యలేదు. లివరు ఆరు నిమిషాలు సున్నాలో ఉంది. తర్వాత రెండు సెకన్లు ముందుకెళ్ళింది."

బాబి ఆ లివరునే చూస్తూ చెప్పాడు.

"నడిసముద్రంలో ఇంజన్ ఎవడాపుతాడక్కా? మళ్ళీ స్టార్టవుద్దో లేదో తెలీదు. గేరు తీసి ఊరికే తిరగనిస్తాం. నాన్న నేర్పిందే అది. దీనికీ అట్టాగే సున్నాకి తెస్తే చాలనుకున్నా. నాన్న కింద్నించి కత్తి అడిగాడు. ఇద్దామని వంగాను, మోకాలు లివరుకి తగిలింది. పాత ఇంజనైతే గేరు పడగానే బోటంతా వణికేది, ఆయన చెయ్యి లాక్కునేవాడు. ఇది కిక్కురుమనలేదక్కా. నాన్న అరిస్తేనే నాకు తెలిసింది."

సౌజన్య లాప్‌టాప్ ఊడదీసి, పెట్టె మూత బిగించింది.

"లివరు కదిలితే కూసే బజరు ఒకటుండేది. ఆ గోల వద్దన్న నాన్న మాట విని నేనే వైరు తీసేశాను. కంపెనీకి అది రాసిస్తా." లాప్‌టాప్ మూసింది. "నీ సంగతి రాయను. నువ్వు రోజూ ఈ రేవులో తిరగాల్సినవాడివి. నేనెలాగూ వెళ్ళిపోయేదాన్ని."

ఆమె బోటు దిగి బస్టాపు వైపు నడిచింది. బాబికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అలా దిగినందుకే తన మీద తనకు అసహ్యం వేసింది. పరుగున వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుని ఇంటిదాకా లాక్కొచ్చాడు.

"అమ్మా, మోటారు దానంతటది తిరగలేదు. నేను తాళం తియ్యలేదు. నా మోకాలే లివరుకి తగిలింది. భయపడి అబద్ధం చెప్పాను."

కోటమ్మ చెయ్యి లేచింది. బాబి కదలకుండా నిలబడ్డాడు. ఆ దెబ్బ పడకముందే మంచం మీది నుంచి మాట వినిపించింది.

"కొట్టకు కోటమ్మా. నాకు తెలుసు. వాడి మోకాలు తగలడం నీళ్ళలోంచి చూశాను."

"తెలిసి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నావా మావా?"

"అయ్య చెయ్యి తీసినోడంటే వాడు ఈ రేవులో ఎట్టా బతుకుతాడు? చెయ్యి ఎటూ పోయింది. కొడుకు కూడా పోవాలా?"

"కూతురు పోవచ్చా నాన్నా?"

గుమ్మం బయటినుంచి సౌజన్య అంది. గట్టిగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనుకున్నట్టు అడిగింది.

మస్తాన్‌రావు ఆమె వైపు తిరిగాడు. ఆసుపత్రిలో కూడా ఏడవని మనిషి, అలవాటున కుడిచేత్తో కళ్ళు తుడుచుకోబోయి నొప్పితో మెలికలు తిరిగిపోయాడు. సౌజన్య ఒక్క అంగలో లోపలికొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. కోటమ్మ అడ్డు తప్పుకుంది. ఎన్నెన్ని మాటలందో గుర్తొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని గచ్చు మీద కూర్చుండిపోయింది.

సాయంత్రం పెద్దల ముందు బాబి జరిగింది జరిగినట్టు చెప్పాడు. వెనకనుంచి ఎవరో ఛీ అన్నారు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. అప్పుడు మస్తాన్‌రావు, ఎవరూ పిలవకుండానే, తడబడుతూ లేచి నిలబడ్డాడు.

"బజరు వద్దన్నది నేను. ఇంజన్ ఆపొద్దని వాడికి నేర్పింది నేను. వాడు భయంతో అబద్ధమాడాడు. నేను తెలిసీ, భయం లేకుండా, నా కూతుర్ని మీ నోళ్ళకి వదిలేసి పడుకున్నాను. కాగితం రాయాలంటే నా పేరున రాయండి."

ఎవరూ కలం తియ్యలేదు. ఆడవాళ్ళ మధ్య నిలబడ్డ సౌజన్య పదకొండు రోజుల తర్వాత మొదటిసారి ఏడ్చింది. కోటమ్మ ఆమె తలను భుజానికి అదుముకుని, "ఏడువమ్మా," అంది. "ఇక్కడే, అందరి ముందే ఏడువు. చూడనీ."