ఏడో గది చూసిన మొనగాడు

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్పే ఆ వీధి నిండా మొనగాళ్లే. ఒకడికి జావా కొట్టిన పిండి, ఇంకొకడికి ఆఫర్ లెటర్ రేపో మాపో. విక్రమ్‌కి మాత్రం ‘ఏడో గది’. నలభై ఏళ్ల నాటి నలుపు తెలుపు హత్యల సినిమా.

“ఏడో గది చూడలేదా? ఇగ జీవితంల ఏం చూసినవ్ రవళీ!” ఏడాదిగా ఇదే పాట.

రవళి అమలాపురం పిల్ల. హాస్టల్లో ఉండి టెస్టింగ్ కోర్సు చేస్తోంది. అతను పొగిడినకొద్దీ ఆమెకు ఆ సినిమా అంటే ఒళ్లు మంట. హాస్టల్ టీవీలో వస్తే లేచి వెళ్లిపోయి బట్టలుతుక్కుంది.

“నువ్వు మెచ్చుకున్నావంటేనే అది చెత్త అయ్యుంటుంది,” అనేది.

ఇన్ని మాటలన్నదా, ఆ వాగుడు వినకపోతే మాత్రం పిల్లకి సాయంత్రం గడవదు. ఖర్మ!

మొన్ననే అతగాడు పెళ్లి చేసుకుందామన్నాడు. ఈ ఆదివారం సాయంత్రం ఆరింటికి నాన్న ఫోన్ చేస్తారు. కాకినాడ సంబంధానికి ఔనో కాదో చెప్పాలి. ఇలాంటి కోతలరాయుణ్ని నమ్ముకుని కాదనడమెలా?

“సరే, చూపించు నీ ఏడో గది. నువ్వు చెప్పినదాంట్లో సగం నిజమైనా ఆలోచిస్తా,” అంది.

ఆదివారం సాయంత్రం, పంజాగుట్టలో విక్రమ్ ఇల్లు. వాళ్లమ్మ సీతాబాయి చాయ్ ఇచ్చి వంటింట్లోకి వెళ్లింది. అద్దెకు తెచ్చిన సీడీల్లో ఒకటి తీసి ప్లేయర్లో పెట్టాడు విక్రమ్. పెట్టీ పెట్టగానే తెర మీద అందరూ ఒకటే ఏడుపు.

“పేర్లు పడవా?”

“గదే డైరెక్టర్ గొప్పతనం! సీదా కథలకే తీస్కపోతడు.”

“ఎవరు పోయారు?”

“గదే సస్పెన్స్. జర ఓపిక పట్టు.”

“ఈ మీసాలాయనెవరు?”

“నిమ్మలంగ తెలుస్తది.”

పావుగంటలో మీసాలాయన చేతికి సంకెళ్లు పడ్డాయి. అరగంటలో సినిమానే అయిపోయింది. రవళి లేచి సీడీ బయటికి తీసింది. దాని మీద మూడో నంబరు. ఒకటీ రెండూ కవర్లోనే ఉన్నాయి.

“పదిసార్లు చూశానన్నావు?”

విక్రమ్ గోడ వైపు చూశాడు.

“పోనీ, ఒక్కసారైనా?”

“చూడలే.”

“మరి ఏడాది పాటు ఆ సొదంతా ఏంటి?”

“పాత సినిమాలు చూస్తవా అని మొదటిరోజు నువ్వే అడిగినవ్ గద. నోటికొచ్చిన పేరు చెప్పిన. ఇగ ఆడికెల్లి దిగుడెట్ల? నువ్వు చూడనంటుంటే బతికిపోయిన అనుకున్న.”

“సిగ్గు లేదూ! హంతకుడెవడో కూడా తెలీకుండా...”

“వాడా, చూసుడా?” వంటింట్లోంచి సీతాబాయి వచ్చింది. “టీవీల కత్తి కనబడితే ఇప్పటికి సుత నా కొంగు పట్టుకుంటడు బిడ్డా. నీకు పెండ్లి మాట చెప్పనీకి రెండు నెలలు అద్దం ముంగట నిలబడ్డడు. నాకైతే నువ్వు మస్తు నచ్చినవ్. గీనితోని వేగుతవో లేదో నీ ఇష్టం.”

“అమ్మా!” అన్నాడు విక్రమ్, చెవులదాకా ఎర్రబడి.

సరిగ్గా ఆరింటికి రవళి సెల్‌ఫోన్ మోగింది.

“నాన్నగారూ, కాకినాడ వాళ్లకి వద్దని చెప్పేయండి. ఇక్కడొకబ్బాయి ఉన్నాడు. మీరొచ్చి చూడాలి.”

ఆయన అడిగిందొక్కటే: “మంచివాడేనా అమ్మా?”

రవళి అతణ్ని తలనుంచి కాళ్లదాకా చూసి పెదవి విరిచింది.

“దద్దమ్మ నాన్నగారూ. అబద్ధమాడటం కూడా చేతకాదు.”

ఆయన నవ్వారు. “అయితే రేపు రాత్రి బస్సుకే బయల్దేరతాను,” అన్నారు.